ఒకే కోటులో ఆరువందల నలభై మంది

మాంగో, జంషెడ్‌పూర్
12 జూన్ 2006

చిరంజీవి బలరామ్‌కి మీ బావ కూర్మారావు రాస్తున్నది.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ అప్ప రత్నం రోజూ నిన్ను తలుచుకుంటుంది, మిక్సీ పాడైన రోజున ఇంకాస్త ఎక్కువగా. ఉత్తరం చూసి కంగారు పడకు. మా ఫోన్ లైను గరగరమంటోంది, నా మాట నీకు వినపడదు. కొన్నాళ్ళు ఉత్తరాలే రాసుకుందాం.

గాజువాకలో కంప్యూటర్లు బాగుచేసే బావమరిది ఉన్నాక నేను ఇంకెవరినో అడగడమేమిటి? నాకొక ల్యాప్‌టాప్ కావాలి. నవ్వకు. ముప్పై అయిదేళ్ళు ఫిల్ముతో బతికినవాడికి ఇప్పుడిదేం సరదా అంటావు. సంగతి చెప్తాను.

మా స్టూడియోలో నల్లకోటు నీకు గుర్తుంది కదా. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ ప్లాంటులో పనికి కుదిరిన ప్రతివాడూ, మొదటి జీతం అందుకున్న వారంలో ఆ కోటు వేసుకుని ఫోటో దిగి ఇంటికి పంపేవాడు. కోటు ఒక్కటే. సన్నగా ఉన్నవాళ్ళకి వెనకాల బట్టల క్లిప్పులు పెట్టి బిగించేవాణ్ణి. గేటు పాసు మీది బొమ్మ తప్పిస్తే చాలామందికి జన్మలో అదొక్కటే ఫోటో. అందుకే ఎవరు పోయినా, పెద్దకర్మకి దండ వేయడానికి ఫోటో కావాలని పిల్లలు నా దగ్గరికే వస్తారు.

నెగిటివులన్నీ భద్రంగా ఉన్నాయి. పేర్లు రాసుకున్న రిజిస్టరు మాత్రం ఒక ఏడాది వానల్లో సువర్ణరేఖ ఏటి నీళ్ళు షాపులోకి వచ్చినప్పుడు నానిపోయింది. అప్పటినుంచి ఎవరు ఎవరో నా బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. మొన్న ఏప్రిల్లో ఆదిత్యపూర్‌లో అసిరయ్య పోయాడు. వాళ్ళ కొడుకులు వస్తే రెండు పూటలు డబ్బాలన్నీ వెతికి ఫోటో తీసి ఇచ్చాను. కర్మకి వెళ్ళి నా చేత్తోనే దండ వేసి వచ్చాను. ఆ రోజే అనుకున్నాను, ఈ ఆరువందల నలభై మందికీ పేరు, ఊరు, ప్లాంటులో ఏ ఖాతాలో పనిచేశాడో రాసిపెట్టి పోవాలని.

సాక్చీలో ల్యాబ్ అతను నెగిటివులన్నీ స్కాన్ చేసి ఒక హార్డ్‌డిస్కులో వేసిచ్చాడు. ఒక్కో ఫోటో వంద ఎంబీ పైనే ఉందట. గుర్తురాని పేర్ల కోసం టెక్కలి, పలాస, బొబ్బిలి తిరగాలి. కనక ప్రయాణంలో పట్టుకెళ్ళేది, ఇంత పెద్ద ఫోటోలు చకచకా తెరిచేది చూడు.

ఆశీస్సులతో
మీ బావ

గాజువాక
21 జూన్ 2006

బావకి నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి నవ్వొద్దన్నావు కనక ముందు నవ్వేసి తరవాత చదివాను. ఫోన్ లైను గరగర సంగతి సరే. నేను నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ అప్ప గొంతు గంట కొట్టినట్టు వినపడింది, నువ్వు మాత్రం బజారుకి వెళ్ళావు. మాంగో బజారులో నీకేమైనా వాటా ఉందా?

ఇక అసలు పని. బావా, ల్యాప్‌టాప్‌లలో రెండు జాతులున్నాయి. ఒకటి పెద్దది. తెర పదిహేను అంగుళాలు, మెమరీ రెండు జీబీ వేయొచ్చు, డిస్కు వేగంగా తిరుగుతుంది. నీ వంద ఎంబీ ఫోటో చకచకా తెరుస్తుంది. కానీ మూడు కిలోల పైన బరువు, ఛార్జరుతో కలిపితే నాలుగు. బ్యాటరీ రెండు గంటలు కూడా రాదు. రెండోది చిన్నది. కిలోన్నర. బ్యాటరీ అయిదు గంటలు వస్తుంది. మెమరీ తక్కువ, డిస్కు నెమ్మది. నీ ఫోటోలు దానికి అరగవు. రెండూ కలిసినది ఉంది కానీ అది కొనాలంటే నువ్వు స్టూడియో అమ్మాలి.

నన్నడిగితే అసలు ఇదంతా అక్కర్లేదు. మనిషిని గుర్తుపట్టడానికి వంద ఎంబీ ఎందుకు? ఆ డిస్కు నాకు పంపు, అన్నిటికీ చిన్న కాపీలు చేసిస్తాను. వాటిని చూసుకుంటూ ఒక నోటుపుస్తకంలో నంబరు, పేరు రాసుకుపో. వారంలో అయిపోతుంది.

నీ
బలరామ్

మాంగో, జంషెడ్‌పూర్
3 జులై 2006

బలరామ్‌కి,

నోటుపుస్తకం అన్నావు చూడు, అక్కడే నాకు ఒళ్ళు మండింది. పేరు ఒకచోట, ముఖం ఒకచోట పెట్టి ఒకసారి చెడ్డాను. పుస్తకం పోయింది, ముఖాలు మిగిలాయి. రెండోసారి ఆ తప్పు చెయ్యను. ల్యాబ్ అతను ప్రతి ఫోటో కింద తెల్ల అంచు వదిలాడు. పేరు ఆ అంచు మీదే, అసలు ఫోటోలోనే, టైపు చేసి దాచాలి. ఇక ఆ ముఖాన్ని ఎవరు ఎక్కడికి పట్టుకెళ్ళినా పేరు దానితోపాటే వెళ్తుంది.

చిన్న కాపీలూ వద్దు. కోటు ఒక్కటే, క్రాపూ ఒక్కటే, ఆ రోజుల్లో మీసం కూడా అందరిదీ ఒక్కటే. కనుబొమ మీద గాటు, ముక్కు పక్కన పుట్టుమచ్చ, పోగు కుట్టిన చెవి చూస్తేగాని ఎవరెవరో నాకు తేలదు. దానికి అసలు ఫోటోయే కావాలి.

కనక పెద్దదే చూడు. బరువు నాకు లెక్క కాదు, పెళ్ళిళ్ళకి లైట్లూ స్టాండ్లూ మోసినవాణ్ణి. వేగం ముఖ్యం. ఒకటి మాత్రం అడుగు. ఒళ్ళో పెట్టుకుని, వెనక్కి వాలి పనిచెయ్యొచ్చా? ప్లగ్గు లేని చోట బల్ల మీద గంటల తరబడి కూర్చోవలసి వస్తే బ్యాటరీలు ఎన్ని ఉంచుకోవాలి? ఊళ్ళలో కరెంటు ఉండదు కదా, అందుకని.

త్వరగా చూడు. ఆగస్టు మొదటివారంలో బయల్దేరతాను.

మీ బావ

మాంగో, జంషెడ్‌పూర్
9 జులై 2006

తమ్ముడు బలరామ్‌కి,

ఈ ఉత్తరం మీ బావకి తెలియకుండా పోస్టు చేస్తున్నాను. చదివి చించెయ్యి.

టెక్కలి లేదు, పలాస లేదు. మేం వెళ్ళేది వెల్లూరు. చలికాలం నుంచీ మీ బావ గొంతు బొంగురుపోయింది. చుట్టలు మానెయ్యమంటే మానాడు గాని గొంతు రాలేదు. మేలో వెల్లూరు తీసుకెళ్తే గొంతులో గడ్డ ఉందని ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఇక మాట రాదు. గొంతు దగ్గర చిన్న రంధ్రం ఉంది, ఊపిరి అక్కడి నుంచే. దాని మీద గుడ్డ కట్టుకుని కూర్చుంటాడు. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నా ఎదురుగానే ఉంటాడు. బజారుకి వెళ్ళాడని చెప్పమని చేత్తో సైగ చేస్తాడు.

ఆగస్టులో మళ్ళీ వెళ్ళాలి. ఆరేడు వారాలు రోజూ గొంతుకి కరెంటు పెట్టించుకోవాలి, రేడియేషన్ అంటారట. ఆ వరసలో బల్లల మీద గంటలు గంటలు కూర్చోవాలి, అందుకే బ్యాటరీ సంగతి అడిగాడు. డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు, ఊపిరితిత్తుల్లో కూడా కనిపిస్తోందని. అది మీ బావకి చెప్పలేదు. ఆయనకి తెలుసని నా అనుమానం.

మేలో వెళ్ళేటప్పుడు మా బండి విశాఖపట్నంలో ఇంజను మార్చడానికి ఇరవై నిమిషాలు ఆగింది. నీకు ఫోన్ చేస్తానంటే, అప్పటికి కాస్త గొంతు ఉంది, "ఆడికేటీ సెప్పకు. వచ్చి ఏడుత్తాడు, నాను సూడలేను" అన్నాడు. నేను విన్న ఆఖరి మాటల్లో అదొకటి. మా తమ్ముడి ఊళ్ళో ఆగి, ప్లాట్‌ఫారం చూస్తూ కూర్చుని వెళ్ళిపోయాం.

నాకు ఈ కంప్యూటర్ల సంగతి తెలియదు. మనిషి పన్నెండు కిలోలు తగ్గాడు. నీళ్ళ చెంబు రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. అది చూసుకుని కొను. నీకు తెలిసినట్టు మాత్రం రాయకు.

మీ అప్ప
రత్నం

గాజువాక
20 జులై 2006

బావకి నమస్కారాలు.

చాలా ఆలోచించాను. చిన్నదే కొన్నాను. కోప్పడకు. ప్రయాణంలో బరువు మహా చెడ్డది బావా, బస్సు ఎక్కడం, దిగడం, పల్లెల్లో నడవడం ఉంటాయి. కిలోన్నరే కనక ఒళ్ళో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. వేడెక్కదు. బ్యాటరీ ఇంకొకటి అదనంగా తీసుకున్నాను. మెమరీ దానిలో పట్టినంత వేయించాను, అంతకంటే పట్టదు. కాస్త నెమ్మదిగా ఉంటుంది, అంతే.

ఊళ్ళ వైపు ఎలాగూ మా స్టేషన్ మీదుగా వస్తావు కదా. ఏ బండో అప్పచేత రాయించు. ప్లాట్‌ఫారం మీదికి తెచ్చి ఇస్తాను, ఎలా వాడాలో చూపిస్తాను.

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. ఇంకేం రాయాలో తెలియడం లేదు.

నీ
బలరామ్

వెల్లూరు
27 ఆగస్టు 2006

బలరామ్‌కి,

స్టేషన్లో నిన్ను చూసి సంతోషమైంది. గొంతు పట్టేసిందని సైగ చేస్తే మారుమాట అడగకుండా ఒప్పుకున్నావు. ఇరవై నిమిషాలూ మెమరీ గురించే చెప్పావు. బండి కదిలాక కూడా కిటికీ పక్కన నడుస్తూ, మూత గట్టిగా వెయ్యొద్దని చెప్పావు.

పనిమీద వెల్లూరు వచ్చాను. కొన్నాళ్ళు ఇక్కడే. ఇక్కడ ఒక పెద్ద హాలులో రోజూ కూర్చోవలసిన పని ఉంది. కంప్యూటర్ తేలిగ్గానే ఉంది. కానీ ఫోటో తెరవమంటే అది కూడా నాలాగే ముసలిదైపోయింది. పైనుంచి కిందికి చారలు చారలుగా దిగుతుంది. ముందు నల్లటి వెనక తెర, తరవాత జుట్టు, నుదురు, కళ్ళు, ఎప్పటికో కోటు. తెరవడానికి నాలుగు నిమిషాలు, పేరు రాసి దాచడానికి ఆరు నిమిషాలు. ఈ పూట తొమ్మిది మంది అయ్యారు. అందులో తవిటయ్య ఒకడు. ఫోటో దిగుతున్నంతసేపూ నవ్వు ఆపుకోలేక మూడు ఫిల్ములు పాడుచేశాడు, నీకు గుర్తుందా?

పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా ఇదొక కాలక్షేపం అయింది. ఒక బెంగాలీ ఆవిడ నుదురు చూసి మనిషి ఎలా ఉంటాడో ఊహిస్తుంది. మీ అప్ప పక్కనుండి పేర్లలో తప్పులు చూస్తుంది. అలిసిపోతే మూత వేసేస్తాను. ఇప్పటికి నూటపన్నెండు మంది.

మీ బావ

గాజువాక
5 సెప్టెంబరు 2006

బావకి,

ఒక్క ఫోటోకి పది నిమిషాలు! చదివి రెండు రోజులు నిద్ర పట్టలేదు. నువ్వు అడిగింది పెద్దది. నేను నీ మాట వినలేదు. పెద్దదైతే మూడు నిమిషాల్లో అయ్యేది. ఇప్పటికైనా మించిపోయింది లేదు, దాన్ని తీసుకుని నేనే వెల్లూరు వస్తాను. ఆ మూడు కిలోలూ నేనే పట్టుకుని నీ ఎదురుగా కూర్చుంటాను. నువ్వు పేరు చెప్పు, కాదు, రాసి చూపించు, నేను టైపు చేస్తాను.

ఇది రాశాక చూసుకున్నాను, చెప్పు అని రాసి, కాదని దిద్దానని. ఇక దాచడం నా వల్ల కాదు బావా. నాకు తెలుసు. జులై నుంచీ తెలుసు. అప్పని ఏమీ అనకు.

బలరామ్

వెల్లూరు
14 సెప్టెంబరు 2006

ఒరేయ్ బలరామ్,

అప్పని ఏమీ అనను. నీకు తెలుసని నాకు ముందే తెలుసు. జన్మలో ఎప్పుడైనా నువ్వు బరువు గురించి ఆలోచించావా? మీ అప్పకి నువ్వు కొనిచ్చిన గ్రైండరు బండి నుంచి దించడానికి ముగ్గురు మనుషులు కావలసి వచ్చింది. అలాంటివాడివి, ప్రయాణంలో బరువు మహా చెడ్డదని రాశావు. ఆ మాట దగ్గరే ఉత్తరం మడిచేశాను. స్టేషన్లో ఆ సంచీని ఒక్క వేలితో ఎత్తి నాకు చూపించినప్పుడు నీ ముఖం చూశాను. ఫోటోలు తీసేవాడి దగ్గర ముఖం దాచుకోగలవా?

నిన్ను ఓదార్చడానికి అబద్ధం చెప్పను. పెద్దదైతే ఇంకో రెండువందల మంది ఒడ్డున పడేవారు. కానీ అది ఒళ్ళో పెట్టుకునే బలం నాకు లేదు. ఈ చిన్నదాన్ని కూడా ఇప్పుడు మీ అప్పే పట్టుకుంటోంది. నువ్వు రావద్దు. పేర్లు ఎలాగూ జ్ఞాపకంలో జారిపోతున్నాయి. మందులకేమో, ముఖం తెలుస్తుంది, పేరు రాదు. రెండువందల ముప్పై ఒకటి దగ్గర ఆపేశాను.

ఎందుకు ఆపానో నీకొక్కడికే రాస్తున్నాను. రెండువందల ముప్పై ఒకటో ఫోటో తెరిస్తే అసిరయ్య దిగాడు. ఎడమ కనుబొమ మీద గాటు, నేనే పౌడరు రాసి కప్పిన గాటు. అనుమానం లేదు. మరి ఏప్రిల్లో వాళ్ళ కొడుకులకి ఇచ్చింది ఎవరిని? ఎవరో వేరే మనిషిని. అదే కోటు, అదే మీసం, తండ్రి కుర్రతనపు ముఖం ఆ పిల్లలకేం తెలుసు. ఆ మనిషి పేరు నాకు గుర్తురావడం లేదు. ఒక పరాయివాడి ఫోటో ముందు ఆ పిల్లలు తలలు గీయించుకుని పిండం పెట్టారు. దండ నేనే వేశాను. అసిరయ్య భార్య సన్యాసమ్మ ఆ ఫోటోకి రోజూ దీపం పెడుతోంది. ముప్పై అయిదేళ్ళలో నేను చేసిన తప్పు ఇదొక్కటే బలరామ్, కానీ ఇంత పెద్దది ఇంకొకరు చేసి ఉండరు.

వెళ్ళి చెప్పాలి. చెప్పడానికి గొంతు లేదు, పలక మీద రాసి చూపిద్దామంటే ఆవిడకి చదువు రాదు. నిజం చెప్తున్నాను, గొంతు ఉన్నా చెప్పగలనో లేదో. నేను పోయాక మీ అప్పని పంపించు. ఈ కంప్యూటర్ తేలిక కనక ఆవిడ మోసుకెళ్ళగలదు. ఆ ఫోటో చూపించి, తప్పయిపోయిందని నా తరఫున చెప్పమను.

మీ బావ
కూర్మారావు

మాంగో, జంషెడ్‌పూర్
18 ఫిబ్రవరి 2007

తమ్ముడికి,

నువ్వు వెళ్ళాక ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. ఆయన ఏడు నెలలు మాట్లాడకపోయినా పలక మీద బలపం గీసే చప్పుడు ఉండేది. కర్మకి ఓటరు కార్డు మీది ఫోటో పెద్దది చేయించాం కదా, అది చూసినప్పుడల్లా నాకు కోపం వస్తోంది. ఎంత మసగ్గా ఉంది! ఆయనైతే ఆ ల్యాబ్ అతన్ని నాలుగు తిట్టేవాడు. ఆ కోటు వేసుకుని ఒక్కసారి నిలబడు, నేను మీట నొక్కుతాను అని ఎన్నేళ్ళు అడిగానో. నవ్వేవాడు.

ఆయన చెప్పిన పని రెండు నెలలు వాయిదా వేశాను. ఏం ముఖంతో వెళ్ళను? నిన్న వెళ్ళాను. కంప్యూటర్ గుడ్డసంచీలో పెట్టుకుని, సాక్చీలో ఆటో మారి, ఖర్కాయి వంతెన దాటి ఆదిత్యపూర్ వెళ్ళాను. దారి పొడుగునా ఒళ్ళోనే ఉంది. నిజంగానే బరువు లేదు తమ్ముడూ.

సన్యాసమ్మ, మనవరాలు నేహ ఇంట్లో ఉన్నారు. గోడ మీద ఆ ఫోటో ఉంది. బంతిపూల దండ కొత్తది. నేను దాని వైపు చూడలేకపోయాను. ఏమీ చెప్పకుండా, ఒకటి చూపిస్తాను అని కంప్యూటర్ తెరిచాను. నువ్వు నేర్పినట్టే రెండువందల ముప్పై ఒకటి మీద నొక్కాను. మెల్లిగా దిగడం మొదలైంది. నల్ల తెర వచ్చింది, జుట్టు వచ్చింది, నుదురు సగం వచ్చింది. ఇంకా కళ్ళు కూడా రాలేదు. సన్యాసమ్మ తెర మీద చెయ్యి పెట్టేసింది.

"ఈడే" అంది.

నేహ హిందీలో, "దాదీ, పూరా ఆనే దో" అంది. పూర్తిగా రానీ అని.

"ఇంకేటి రావాలే? నా పెనిమిటి నుదురు నాకు తెల్దా?"

కోటు కనిపించకముందే పట్టుకుంది. ఆ కోటు వల్లే కదా అందరూ ఒక్కలాగే ఉన్నారని ఆయన బాధపడింది. నాకు ఏడుపు ఆగలేదు. తప్పయిపోయింది వదినా, ఆ గోడ మీద ఉన్నది వేరే మనిషి, ఆయన చూసుకోలేదు అని కాళ్ళు పట్టుకోబోయాను. సన్యాసమ్మ నన్ను లేవదీసి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆవిడ అన్న మాట అన్నట్టే రాస్తున్నాను.

"నాకు ఆ రోజే తెలుసమ్మా. పెట్టి మీద ఫోటో పెట్టగానే ఈడు కాడని తెలిసిపోనాది. కూర్మారావు దండేసి సేతులు జోడించి నిలబడ్డాడు. అప్పటికే గొంతు రాట్లేదు, మనిసి సగమైపోనాడు. అలాటోడికేటని సెప్తాను? బాధపడతాడని ఊరుకున్నాను."

ఏప్రిల్లోనే ఆవిడకి తెలుసు. సెప్టెంబరు నుంచి పోయేదాకా ఆయన ఆ ఫోటో గురించే కుమిలిపోయాడు. ఆఖరి వారంలో పలక మీద అసిరయ్య పేరు రాసి తుడిచేవాడు. ఇద్దరి ఇళ్ళ మధ్య ఒక ఆటో దూరం. ఒకరు బాధపడతారని ఇంకొకరు, అలా అందరం నోరు మూసుకున్నాం. నేను, నువ్వు, ఆయన, ఆవిడ. గొంతు లేనిది ఆయనొక్కడికే కదా.

నువ్వు నాకు పెద్ద కంప్యూటర్ పంపిస్తానని రాశావు. వద్దు. నాలుగువందల పైచిలుకు ముఖాలు మిగిలాయి. నేను ఇంటింటికీ దీన్నే పట్టుకెళ్తాను. ఇది ఆగి ఆగి దిగుతుంటేనే వాళ్ళు బాగా చూస్తున్నారు. నిన్న అదే వీధిలో ఇంకో రెండు ఇళ్ళకి వెళ్ళాను. ఒక ఇంట్లో ఒక పేరు దొరికింది. ఇంకో ఇంట్లో ఎవరినీ గుర్తుపట్టలేదు, టీ ఇచ్చి పంపారు.

అసిరయ్య ఫోటో వచ్చేవారం ఫ్రేము కట్టించి ఇస్తాను. మరి ఆ పాతది తీసెయ్యనా అని అడిగితే సన్యాసమ్మ వద్దంది. పది నెలలు దీపం పెట్టాను, ఇప్పుడు ఎక్కడికి పొమ్మంటాను అంది. ఎవరో తెలిసేదాకా పక్కనే ఉండనిమ్మంది.

ఆ మనిషి నంబరు నాలుగువందల పద్దెనిమిది. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. కోటు చేతులు పొడుగై వేళ్ళు సగం కప్పేశాయి. కదలొద్దని మీ బావ చెప్పి ఉంటాడు, ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు. దీనితో ఒక ప్రింటు పంపుతున్నాను. షాపులో అందరికీ కనపడేలా పెట్టు. మన వైపు వాళ్ళు ఎవరైనా వస్తే అడుగు.

మీ అప్ప
రత్నం